ఎవరు ఏం దిద్దారో గుర్తులు పోకుండా వర్డ్ ఫైళ్లు కలపడం ఎలా?

మా కడపలో కొందరు పెద్దలు కలిసి జిల్లా చరిత్ర మీద ఒక వ్యాస సంకలనం వేద్దామనుకున్నారు. గండికోట మీద ఒకరు, పుష్పగిరి మీద ఒకరు, ఒంటిమిట్ట ఒకరు, దేవుని కడప ఒకరు, సి.పి. బ్రౌన్ గురించి ఇంకొకరు, ఇలా మొత్తం ఎనిమిది వ్యాసాలు. ఒక్కో వ్యాసాన్ని ఇద్దరు ముగ్గురు దిద్దారు. అందరూ వర్డ్‌లో ట్రాక్ ఛేంజెస్ (ఎవరు ఏం మార్చారో రంగులతో, పేర్లతో గుర్తులు పెట్టే సదుపాయం) ఆన్ చేసుకునే దిద్దారు, వాళ్ల వైపు నుంచి ఏ తప్పూ లేదు. ఎనిమిదింటినీ ఒకే ఫైలుగా కలిపే పని నాకు అప్పగించారు. అరగంట పని అనుకున్నాను. ఫైలు తెరవడం, మొత్తం కాపీ చేయడం, పెద్ద ఫైల్లో పేస్ట్ చేయడం. టీ తాగే లోపల అయిపోయింది కూడా.

మరుసటి రోజు పొద్దున్నే ఒక పెద్దాయన ఫోను. "ఏం నాయనా, నేను ఒక పేరా కొట్టేసి పక్కన కారణం రాసి పెడితి గదా. ఇప్పుడు చూస్తే ఆ పేరానే లేదు. ఎవురు తీసేసినారు?" ఫైలు తెరిచి చూసుకున్నాను. ఎనిమిది వ్యాసాలూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఒకే రంగులో, ఒకే పేరు మీద, కొత్తగా చేర్చినట్టు ఉన్నాయి. ఆ పేరు నాది. ముగ్గురు పెద్దలు నెల రోజులు చేసిన దిద్దుబాటంతా నేనొక్కడినే ఒక్క రాత్రిలో చేసినట్టు తయారైంది.

అసలు ఫైళ్లు భద్రంగా ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఆ పని రెండోసారి మొదలుపెట్టినప్పుడు నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మీది పీహెచ్‌డీ థీసిస్ కావచ్చు, సంఘం బైలాస్ కావచ్చు, లాయరుగారి ఒప్పంద పత్రం కావచ్చు. పద్ధతి మాత్రం ఒక్కటే.

గుర్తులు ఎందుకు పోతాయి?

ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉన్న ఫైల్లోంచి మీరు కాపీ చేస్తే వర్డ్ ఒక పని చేస్తుంది. ఆ దిద్దుబాట్లన్నిటికీ మీరు ఒప్పుకున్నట్టే లెక్కేసి, కొట్టేసినవి తీసేసి, చేర్చినవి ఉంచి, శుద్ధప్రతిని చేతికిస్తుంది. పేస్ట్ చేసే ఫైల్లో కూడా ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉంటే, ఆ శుద్ధప్రతి మొత్తాన్ని మీరు ఇప్పుడే కూర్చుని రాశారని గుర్తు పెట్టుకుంటుంది. నాకు జరిగింది ఇదే.

కాబట్టి అసలు సూత్రం తలకిందులుగా కనిపిస్తుంది: గుర్తులు నిలవాలంటే కలిపేటప్పుడు ట్రాక్ ఛేంజెస్ ఆపేయాలి. కాపీ చేసే ఫైల్లోనూ, పేస్ట్ చేసే ఫైల్లోనూ, రెండింటిలోనూ.

ఇది చెబితే చాలామందికి భయం. "ఆపేస్తే ఉన్న గుర్తులు కూడా పోవా?" అంటారు. పోవు. కుళాయి కట్టేస్తే బిందెలో నీళ్లు పోతాయా? ఆ స్విచ్ ఇక మీదట పడే గుర్తులకు సంబంధించింది మాత్రమే. ఇప్పటికే పడినవి మీరు యాక్సెప్ట్ అనో రిజెక్ట్ అనో నొక్కేదాకా అలాగే ఉంటాయి.

ముందు మీ పని ఏ రకమో తేల్చుకోండి

ఫైళ్లు కలపడం అని మనం అనే మాటలో రెండు వేరు వేరు పనులున్నాయి. వేరు వేరు అధ్యాయాలను ఒకదాని తర్వాత ఒకటి చేర్చి ఒక పుస్తకం చేయడం ఒకటి. ఒకే అధ్యాయాన్ని ముగ్గురికి పంపితే ముగ్గురూ విడివిడిగా దిద్ది పంపిన మూడు ప్రతులను ఒక ప్రతిగా చేయడం ఇంకొకటి. మొదటిది పూలు గుచ్చడం లాంటిది, రెండోది జడ అల్లడం లాంటిది. వర్డ్‌లో రెండింటికీ దారులు వేరు. జడ అల్లాల్సిన చోట కాపీ పేస్ట్ చేస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు.

మూడో రకం కూడా ఉంది. ఒకరు దిద్దిన ఫైలునే రెండోవారు తీసుకుని, దాని మీదే దిద్ది, మూడోవారికి పంపి ఉంటే, చివరి ఫైల్లో అందరి గుర్తులూ ఉన్నట్టే. అక్కడ కలపడానికేమీ లేదు, ఆఖరి ఫైలు తీసుకుంటే చాలు. నన్నడిగితే ఇదే అన్నిటికన్నా మంచి పద్ధతి. ఆలస్యమవుతుంది కానీ తలనొప్పి ఉండదు.

మొదలుపెట్టే ముందు

కొత్త ఫోల్డరు ఒకటి చేసి వచ్చిన ఫైళ్లన్నిటి కాపీలు అందులో వేసుకోండి. అసలు ఫైళ్లను ముట్టుకోకండి. కాపీల పేర్లకు ముందు 01, 02, 03 అని వరుస అంకెలు తగిలించండి. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ లాస్ట్" అని పేర్లున్న మూడు ఫైళ్లు వస్తే ఏది ఏదో వాళ్లనే అడిగి తేల్చుకోండి, ఊహించకండి.

ఈ పని కంప్యూటర్లో ఉన్న వర్డ్‌లో చేయండి, ఫోన్లో వద్దు. వాట్సాప్‌లోనో మెయిల్లోనో వచ్చిన ఫైలు తెరవగానే పైన పసుపు పట్టీ కనిపిస్తే ఎనేబుల్ ఎడిటింగ్ నొక్కండి, లేకపోతే ఏ బటనూ పనిచేయదు. పాత డాక్ రకం ఫైళ్లుంటే సేవ్ యాజ్ ద్వారా డాక్‌ఎక్స్‌లోకి మార్చుకోండి. ఎవరైనా పీడీఎఫ్ పంపితే, అందులో గుర్తులు కంటికి కనిపించినా అవి వట్టి బొమ్మలే. వర్డ్ ఫైలే మళ్లీ పంపమనండి.

ఇప్పుడు ఒక్కో ఫైలు తెరిచి రివ్యూ ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడ సింపుల్ మార్కప్ అని ఉంటే ఆల్ మార్కప్ అని మార్చండి. సింపుల్ మార్కప్‌లో పక్కన ఒక ఎర్ర గీత తప్ప ఏమీ కనపడదు. నో మార్కప్‌లో అదీ కనపడదు. ఆ రెండింటిలో కొట్టేసిన భాగాలు కంటికి ఆనవు కాబట్టి గుర్తులే లేవనుకుని మోసపోతాం. పక్కనే ఉన్న షో మార్కప్‌లో ఇన్సర్షన్స్ అండ్ డిలీషన్స్, ఫార్మాటింగ్, కామెంట్స్ అన్నిటికీ టిక్ ఉందో లేదో చూడండి. స్పెసిఫిక్ పీపుల్‌లో కూడా అందరి పేర్లకూ టిక్ ఉండాలి.

తర్వాత రివ్యూయింగ్ పేన్ నొక్కండి. ఎడమవైపు ఒక పట్టీ తెరుచుకుని, మొత్తం ఎన్ని దిద్దుబాట్లున్నాయో పైన అంకె చూపిస్తుంది. పక్కనున్న చిన్న బాణం నొక్కితే చేర్చినవి ఎన్ని, కొట్టేసినవి ఎన్ని అని విడదీసి చెబుతుంది. ఈ అంకెలు ఒక తెల్లకాగితం మీద ఫైలు వారీగా రాసుకోండి. పని అయ్యాక లెక్క చూసుకోవడానికి ఇదొక్కటే ఆధారం. మా సంకలనం రెండోసారి కలిపినప్పుడు నన్ను కాపాడింది ఆ కాగితమే.

ఇంకొక్కటి చూసుకోవాలి, పేర్లు. ఒకే జిరాక్స్ షాపు కంప్యూటరు మీద ముగ్గురు కూర్చుని దిద్దితే గుర్తులన్నీ ఆ షాపు పేరు మీదే ఉంటాయి. దీని సంగతి కొంచెం కింద చెప్తాను.

అధ్యాయాలను వరుసగా చేర్చడం

కొత్త ఖాళీ ఫైలు తెరవండి. పుస్తకానికి ఏ ఫాంటు, ఏ మార్జిన్ కావాలో ఇందులోనే పెట్టుకుని సేవ్ చేయండి. రివ్యూ ట్యాబ్‌లో ట్రాక్ ఛేంజెస్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, ఇంగ్లీషు E, మూడు మీటలూ కలిపి నొక్కితే ఆన్ అవుతుంది, మళ్లీ నొక్కితే ఆఫ్ అవుతుంది. ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ప్రతిసారీ అనుమానం వస్తుంటే, స్క్రీన్ అడుగున ఉండే స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ చేసి ట్రాక్ ఛేంజెస్‌కు టిక్ పెట్టండి. ఇక ఎప్పుడూ కళ్ల ముందే కనిపిస్తుంటుంది.

ఇప్పుడు కర్సరు పెట్టి, ఇన్సర్ట్ ట్యాబ్‌లో కుడివైపు ఆబ్జెక్ట్ అనే బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కండి. ఆబ్జెక్ట్ మీద కాదు, బాణం మీద. అందులో టెక్స్ట్ ఫ్రమ్ ఫైల్ అని ఉంటుంది. దాన్ని నొక్కి 01 ఫైలు ఎంచుకుంటే ఆ వ్యాసమంతా దిద్దుబాట్లతో సహా వచ్చి కూర్చుంటుంది. ఎవరి రంగు వాళ్లది, ఎవరి పేరు వాళ్లది.

వ్యాసం చివరికి వెళ్లి లేఅవుట్ ట్యాబ్‌లో బ్రేక్స్ నొక్కి నెక్స్ట్ పేజ్ సెక్షన్ బ్రేక్ పెట్టండి. తర్వాత 02. ఎనిమిది ఫైళ్లనూ ఒకేసారి సెలెక్ట్ చేసి దించే వీలు కూడా ఉంది కానీ వరుస తారుమారు అయ్యే ప్రమాదం ఎందుకు? ఒక్కొక్కటిగా చేర్చండి, ప్రతి ఫైలు తర్వాతా సేవ్ చేయండి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు.

ప్రతిసారీ రివ్యూయింగ్ పేన్‌లో అంకె ఎంత పెరిగిందో కాగితంతో పోల్చుకోండి. 01లో 46 ఉండి, 02లో 31 ఉంటే, రెండూ చేరాక 77 దగ్గర ఉండాలి. ఒకటి రెండు తేడా వస్తే కంగారు పడకండి. 31కి బదులు ఒకటే పెరిగితే మాత్రం ఎక్కడో స్విచ్ ఆన్‌లో ఉండిపోయిందని అర్థం. వెంటనే కంట్రోల్ జడ్ కొట్టి వెనక్కి రండి.

మొత్తం ఫైలు కాకుండా రెండు పేరాలే కావాలంటే కాపీ పేస్ట్ తప్పదు. అప్పుడు రెండు ఫైళ్లలోనూ ట్రాక్ ఛేంజెస్ ఆపి, రెండింటిలోనూ ఆల్ మార్కప్ పెట్టి కాపీ చేయండి. పేస్ట్ చేసేటప్పుడు కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకోండి. కీప్ టెక్స్ట్ ఓన్లీ వైపు వెళ్లారా, గుర్తులకు నీళ్లు వదులుకున్నట్టే.

ఒక్కోసారి ట్రాక్ ఛేంజెస్ ఎంత నొక్కినా ఆఫ్ కాదు. పంపినవాళ్లు లాక్ ట్రాకింగ్ పెట్టి పాస్‌వర్డ్ వేశారన్నమాట. పాస్‌వర్డ్ అడిగి తీసుకుని అన్‌లాక్ చేయండి. చాటుమాటు దారులు వెతక్కండి, వాళ్లు తాళం వేసింది కారణం లేకుండా కాదు.

హెడ్డింగుల సైజు మారిపోయిందని గాబరా పడకండి. రెండు ఫైళ్లలోనూ హెడ్డింగ్ 1 అనే స్టైల్ ఉంటే, చేరే ఫైలు పెద్ద ఫైలు స్టైలునే తొడుక్కుంటుంది. పుస్తకం ఒకే తీరుగా ఉండాలంటే అది మంచిదే.

మాస్టర్ డాక్యుమెంట్ అనే సదుపాయం కూడా వర్డ్‌లో ఉంది. అధ్యాయాలను విడిగా ఉంచుతూనే ఒకటిగా చూపిస్తుంది. వినడానికి బాగుంటుంది. ఫైళ్లు పాడవుతాయని దానికి ఎప్పటినుంచో చెడ్డపేరు. నేనైతే దాని జోలికి పోను.

ఒకే వ్యాసం, మూడు ప్రతులు

మా సంకలనంలో బ్రౌన్ వ్యాసానికే ఈ అవస్థ వచ్చింది. ఆయన 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడే బంగళా కొనుక్కుని, జీతాలిచ్చి పండితులను పెట్టుకుని, ఎక్కడెక్కడి తాళపత్ర ప్రతులో తెప్పించి, ఒకే కావ్యానికి దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు రాయించాడు. ఏ ప్రతిలో ఏముందో తెలిస్తేనే కదా ఏది సరైనదో తేల్చేది. ఆ బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలోనే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం, భాషా పరిశోధన కేంద్రం ఉన్నాయి. అటువంటి మనిషి మీద వ్యాసానికి వచ్చిన మూడు ప్రతులను నేను మొదటిసారి పాఠాంతరాలన్నీ చెరిపేసి కలిపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ పండితులు చేసిన పని వర్డ్‌లో చేసి పెట్టేది కంబైన్. రివ్యూ ట్యాబ్‌లో కంపేర్ అనే బటన్ నొక్కితే కింద రెండు వస్తాయి: కంపేర్, కంబైన్. పేర్లు దగ్గర దగ్గరగా ఉన్నా పని వేరు. కంపేర్ రెండు ఫైళ్లలోనూ ఉన్న దిద్దుబాట్లన్నీ ఒప్పుకున్నట్టు లెక్కేసి, మిగిలిన తేడాలను మాత్రమే చూపిస్తుంది. ఆ సంగతి ముందే ఒక హెచ్చరికలో చెబుతుంది కూడా, మనం చదవకుండా యెస్ నొక్కేస్తాం. కంబైన్ అయితే ఎవరి దిద్దుబాటును వాళ్ల పేరు మీదే ఉంచి కలుపుతుంది. మనకు కావలసింది రెండోది.

కంబైన్ నొక్కాక వచ్చే పెట్టెలో ఎడమవైపు ఒరిజినల్ డాక్యుమెంట్ దగ్గర, మీరు అందరికీ మొదట పంపిన ఫైలు ఇవ్వండి. కుడివైపు రివైజ్డ్ డాక్యుమెంట్ దగ్గర మొదటివారు దిద్దిన ఫైలు ఇవ్వండి. వెంటనే ఓకే కొట్టకండి. మోర్ అనే బటన్ నొక్కి పెట్టెను పూర్తిగా తెరవండి. అడుగున షో ఛేంజెస్ ఇన్ దగ్గర న్యూ డాక్యుమెంట్ ఎంచుకుంటే అసలు ఫైళ్లు రెండూ చెక్కుచెదరవు. దాని పక్కన వర్డ్ లెవెల్, క్యారెక్టర్ లెవెల్ అని ఉంటాయి. తెలుగుకు ఎప్పుడూ వర్డ్ లెవెలే పెట్టండి. మనకు "గి" ఒక అక్షరం. కంప్యూటరుకు అది గ ఒకటి, గుడి ఇంకొకటి. క్యారెక్టర్ లెవెల్ పెడితే మార్పు గుణింతం దగ్గర తెగి, సగం అక్షరం ఒక రంగు, సగం అక్షరం ఒక రంగు అయ్యే ప్రమాదం ఉంది.

ఓకే నొక్కితే ఫార్మాటింగ్ మార్పుల్లో ఎవరివి ఉంచమంటారని వర్డ్ అడగవచ్చు. మాటల దిద్దుబాట్లు ఎంతమందివైనా ఉంచుతుంది కానీ బోల్డు, ఇటాలిక్ లాంటి మార్పులు ఒకరివే ఉంచగలదు. ఎవరిది ముఖ్యమో ఎంచుకోండి. వ్యాసం విషయంలో దీనికి పెద్ద ప్రాముఖ్యం లేదు.

ఇప్పుడు మధ్యలో కలిసిన ప్రతి, కుడివైపు పైనా కిందా అసలు ప్రతీ దిద్దిన ప్రతీ కనిపిస్తాయి. మధ్యలో ఉన్నదాన్ని కొత్త పేరుతో సేవ్ చేయండి. కంబైన్ ఒకసారికి రెండు ఫైళ్లనే పట్టుకుంటుంది. కాబట్టి మూడోది కలపాలంటే ఇప్పుడు సేవ్ చేసిన ఫైలును ఒరిజినల్ స్థానంలో పెట్టి, రెండోవారు దిద్దినదాన్ని రివైజ్డ్ స్థానంలో పెట్టి మళ్లీ అదే పని చేయండి. ఇలా ఎంతమందిదైనా కలుపుకుంటూ పోవచ్చు.

బ్రౌన్ తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చయింది 1852లో. టైపింగులో అది 1825 అని పడింది. ఒకరు అంకె దిద్దారు. రెండోవారు ఆ వాక్యమే కొట్టేసి వేరే వాక్యం రాశారు. మూడోవారు "ఇది సరిచూడండి" అని కామెంటు పెట్టి వదిలేశారు. కంబైన్ చేశాక ఆ చోట మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పడి చూడ్డానికి తిరునాళ్లలా తయారైంది. కానీ ఎవరు ఏమన్నారో స్పష్టంగా ఉంది. ఇలాంటి చోట షో మార్కప్‌లో స్పెసిఫిక్ పీపుల్‌కు వెళ్లి ఒక్కరి పేరుకే టిక్ ఉంచి చదవండి. ఒకరిది అయ్యాక ఇంకొకరిది.

ట్రాక్ ఛేంజెస్ లేకుండానే దిద్ది పంపితే

ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. "ఆ ఎర్రగీతలు నాకు పడవు సార్, నేరుగా దిద్ది పంపినా" అంటారు. కంగారేమీ లేదు. కంబైన్ పెట్టెలో రివైజ్డ్ డాక్యుమెంట్ కింద లేబుల్ అన్‌మార్క్డ్ ఛేంజెస్ విత్ అని ఒక గడి ఉంటుంది. అక్కడ ఆయన పేరు టైపు చేయండి. ఆయన గుర్తులు పెట్టకుండా చేసిన మార్పులను వర్డ్ అసలు ఫైలుతో పోల్చి, వెతికి, ఆయన పేరు మీదే గుర్తులు వేస్తుంది. మీరు అందరికీ పంపిన మొదటి ఫైలు మీ దగ్గర భద్రంగా ఉంటేనే ఇది సాధ్యం. అందుకే దాన్ని పోగొట్టుకోకండి.

ఇక షాపు కంప్యూటరు పేరు సంగతి. దిద్దడానికి కూర్చునే ముందే ఫైల్, ఆప్షన్స్, జనరల్ వరకు వెళ్లి యూజర్ నేమ్ దగ్గర దిద్దేవారి పేరు పెట్టాలి. కిందే ఉన్న ఆల్వేస్ యూజ్ దీజ్ వాల్యూస్ అనేదానికి కూడా టిక్ పెట్టాలి, లేకపోతే ఆ కంప్యూటర్లో లాగిన్ అయి ఉన్నవాళ్ల పేరే పడుతుంది. అయితే ఇది ఇక మీదట పడే గుర్తులకే. పాతవాటి మీద పేరు మార్చే బటన్ లేదు. దానికి నేను చేసే ఉపాయం ఇది: ఆ ఫైలు కాపీలో అన్నీ యాక్సెప్ట్ చేసేసి, దాన్ని అసలు ఫైలుతో కంపేర్ చేస్తాను. ఇక్కడ మాత్రం కంపేరే. లేబుల్ ఛేంజెస్ విత్ గడిలో సరైన పేరు రాస్తాను. తేదీ, సమయం ఈరోజువి పడతాయి, పేరు మాత్రం నిలుస్తుంది. ఒక ఫైల్లో ఇద్దరి దిద్దుబాట్లూ ఒకే పేరు మీద కలిసిపోయి ఉంటే మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి అడగాల్సిందే.

అందరి పేర్లూ పోయి ఆథర్ అని ఒకటే కనిపిస్తోందా? ఎవరో డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్ నడిపి వ్యక్తిగత వివరాలు తీసేశారు. ఆ ఫైల్లో ఇక పేర్లు దొరకవు. అంతకు ముందు సేవ్ చేసిన ఫైలు అడిగి తెప్పించుకోండి.

తెలుగు వల్ల వచ్చే చిక్కులు

ఇంగ్లీషులో రాసిన సహాయ పుటల్లో ఇవి దొరకవు. అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

దిద్దేటప్పుడు "పుష్పగిరీ" అని పడిందాన్ని "పుష్పగిరి" చేయాలనుకోండి. చివర కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ కొడితే దీర్ఘం ఒక్కటే పోతుంది. ట్రాక్ ఛేంజెస్ ఆన్‌లో ఉంటే ర మిగిలి, పక్కన కొట్టేసిన దీర్ఘం, దాని పక్కన చేర్చిన గుడి విడివిడిగా ఉండిపోతాయి. కొన్నిసార్లు ఒంటరి గుణింతం చుట్టూ చుక్కల సున్నా కూడా కనిపిస్తుంది. ఫైలు పాడైందని జనం భయపడేది ఇక్కడే. పాడవలేదు, యాక్సెప్ట్ చేస్తే కుదురుకుంటుంది. కానీ చదివేవాళ్లకు నరకం. అందుకే దిద్దేవాళ్లకు ముందే చెప్పండి: ఒత్తు తప్పయినా, దీర్ఘం తప్పయినా, మాట మొత్తం సెలెక్ట్ చేసి కొత్తగా టైపు చేయమని.

కంబైన్ చేశాక, చూడ్డానికి ఒకేలా ఉన్న మాట కొట్టేసి మళ్లీ అదే మాట చేర్చినట్టు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. "ఫైల్", "బ్రౌన్" లాగా పొల్లుతో ముగిసే మాటల వెనక కొన్ని టైపింగ్ పద్ధతుల్లో కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది. అక్షరాలు అతుక్కోకుండా ఆపే గుర్తది. ఒకరి ఫైల్లో అది ఉండి, ఇంకొకరి ఫైల్లో లేకపోతే వర్డ్‌కు అవి రెండు వేరు మాటలు. కలపడానికి ముందే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో సరిచేద్దామని ఉత్సాహపడి, అసలు ఫైళ్ల మీద మాత్రం చేయకండి. నేను వాటిని చివర్లో చేత్తోనే ఒప్పుకుంటూ పోతాను.

అన్నిటికన్నా పెద్ద చిక్కు అను ఫాంట్లు. మన దగ్గర ప్రెస్సుల్లో, డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలా పని వాటిలోనే జరుగుతుంది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకే తీరుగా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు. అనులో టైపు చేసిన వ్యాసాన్ని గౌతమి, నిర్మల లాంటి యూనికోడ్ ఫాంట్లలో ఉన్న ఫైల్లో కలిపి ఫాంటు మార్చారంటే అర్థం కాని గుర్తుల కుప్ప అవుతుంది. కన్వర్టరులో వేసి యూనికోడ్‌లోకి మార్చవచ్చు కానీ కన్వర్టరుకు ఇచ్చేది వట్టి అక్షరాలే కదా, దిద్దుబాటు గుర్తులు ఆ దారిలో బతకవు. కాబట్టి రచయితల నుంచి వ్యాసం వచ్చిన రోజే యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాతే దిద్దడానికి పంపండి.

వర్డ్ లేకపోతే

లిబ్రెఆఫీస్ రైటర్‌లో ఎడిట్ మెనూలో ట్రాక్ ఛేంజెస్ కింద మెర్జ్ డాక్యుమెంట్ ఉంది. కంబైన్ లాంటిదే కానీ మడి ఎక్కువ. ప్రతులన్నీ ఒకే అసలు ఫైలు నుంచి వచ్చి ఉండాలి, మార్పులన్నీ రికార్డు అయి ఉండాలి. గుర్తు పెట్టకుండా ఒక్క మాట మార్చినా కలపనని మొరాయిస్తుంది. గూగుల్ డాక్స్‌లో ఈ గుర్తులను సజెషన్స్ అంటారు. ట్రాక్ ఛేంజెస్ ఉన్న డాక్‌ఎక్స్ ఫైలు అక్కడ తెరిస్తే సజెషన్స్‌గా మారతాయి, తిరిగి డాక్‌ఎక్స్‌గా దించుకుంటే మళ్లీ ట్రాక్ ఛేంజెస్ అవుతాయి. మేక్ ఎ కాపీ కొట్టేటప్పుడు కామెంట్లు, సజెషన్లు కాపీ చేయమనే గడికి టిక్ పెట్టడం మరవకండి. అసలు కలిపే పని మాత్రం వర్డ్‌కు తెచ్చుకునే చేయండి.

కలిసిన ఫైలుతో ఏం చేయాలి?

ముందు లెక్క చూడండి. కాగితం మీద రాసుకున్న అంకెలు, పెద్ద ఫైలు రివ్యూయింగ్ పేన్‌లోని అంకె. తర్వాత ఒక్కొక్కరు దిద్దిన వాటిలో మీకు బాగా గుర్తున్న ఒక చోటు వెతికి, అక్కడ పేరు సరిగా ఉందో లేదో కర్సరు పెట్టి చూడండి. అంతా సరిగా ఉంటే ఆ ఫైలును అలాగే పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి దాచుకోండి. ఇప్పుడు ట్రాక్ ఛేంజెస్ మళ్లీ ఆన్ చేయవచ్చు. ఇక మీదట మీరు చేసే మార్పులు మీ పేరు మీద పడాలి కదా.

స్క్రీన్ మీద చదవలేని పెద్దలుంటారు. వాళ్లకు ప్రింటు తీసి ఇవ్వండి. ఫైల్, ప్రింట్ దగ్గర ప్రింట్ ఆల్ పేజెస్ అనే జాబితా తెరిస్తే అడుగున ప్రింట్ మార్కప్ అని ఉంటుంది. టిక్ ఉంటే గీతలు, పేర్లు, కామెంట్లు అన్నీ కాగితం మీదకు వస్తాయి. రంగుల ప్రింటు తీస్తే ఎవరిది ఎవరిదో తెలుస్తుంది. మా పెద్దాయనకు ఏడురోడ్ల దగ్గర రంగుల ప్రింటు తీయించి తీసుకెళ్లి ఇచ్చాను. తను కొట్టేసిన పేరా మీద తన పేరుతో అడ్డగీత చూసుకుని, కళ్లజోడు తీసి, "ఇప్పుడు ఉండాది నా పేరా" అన్నారు. అరగంట ఆలోచించి, ఆ పేరా ఉంచమన్నారు.

అందరూ ఒక మాట మీదకు వచ్చాకే యాక్సెప్ట్, రిజెక్ట్. ఒక్కరి దిద్దుబాట్లన్నీ ఒకేసారి ఒప్పుకోవాలంటే స్పెసిఫిక్ పీపుల్‌లో ఆ పేరొక్కటే ఉంచి, యాక్సెప్ట్ కింద బాణం నొక్కి యాక్సెప్ట్ ఆల్ ఛేంజెస్ షోన్ కొట్టండి. కనిపిస్తున్నవే ఒప్పుకుంటుంది, మిగతావారివి తాకదు. కామెంట్లు విడిగా తీసేయాలి, యాక్సెప్ట్‌తో అవి పోవు.

ప్రెస్సుకు పంపేది గుర్తులన్నీ తీరిపోయిన ఫైలే అయ్యుండాలి. నో మార్కప్‌లో పెట్టి శుభ్రంగా కనిపిస్తోంది కదా అని పంపకండి. అది కంటికి దాచడమే, గుర్తులు లోపల ఉంటాయి. అక్కడ డీటీపీ చేసే అబ్బాయి తెరిచి కాపీ చేసుకునేసరికి కొట్టేసిన వాక్యాలు కూడా పేజీలోకి ఎక్కవచ్చు. పంపే ముందు ఆల్ మార్కప్ పెట్టి, రివ్యూయింగ్ పేన్‌లో అంకె సున్నా అయిందో లేదో చూసి అప్పుడు పంపండి.